హుడ్డు కుట్టుకూలి ఎవరి ఖాతాలో?

మా వాకిట్లో ఏడాదిన్నరపాటు సరైన ముగ్గు పడలేదు. తెలియనివాళ్ళు ఏదో మైల కాబోలనుకున్నారు. మైలా కాదు, పురుడూ కాదు. జీపు! కల్లాపి చల్లే చోట నాలుగు వేపదుంగల మీద ఓ ఇనుప చట్రం కొలువుతీరింది. దాని చుట్టూ డబ్బాలు, పానాలు, నల్లనూనె మరకలు. అత్తయ్యగారు పొద్దున్నే తులసికోట దగ్గరికి వెళ్ళాలంటే గేర్‌బాక్స్ దాటుకుని వెళ్ళాలి.

ఎ.కొండూరు వాళ్ళకి జీపు మోజేమిటని మీరు అడగొచ్చు. మైలవరం నుంచి తిరువూరు వెళ్ళే జాతీయ రహదారి అందుబాటులోనే ఉంది, బస్సులున్నాయి, ఆటోలున్నాయి. నిజమే. కానీ మా మామిడితోటకు పోయే డొంక ఆ రహదారికి చుట్టం కాదు. వాన పడిందంటే మోకాటిలోతు బురద, మధ్యలో వాగు. ఆటో పోదు. మోటారు సైకిలు జారుతుంది. తోట అవతల తండాలున్నాయి. వాళ్ళకీ అదే డొంక.

మావారు ఇరవై ఏళ్ళు ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి. పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి ఆయన శిష్యుడు. 2024 సంక్రాంతి వెళ్ళిన వారానికి ఇద్దరూ కలిసి నూజివీడు వైపు ఓ తోటలో తుప్పు పట్టి పడున్న పాత మహీంద్రా ఎంఎం 540 జీపుని ట్రాక్టరు ట్రక్కులో వేసుకొచ్చారు. నాలుగు చక్రాలకూ బలం అందే బండి అది. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. అది వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. బురదలో, ఇసుకలో అదే ప్రాణం. మామూలు గట్టి రోడ్డు మీద మాత్రం అది వేయకూడదట. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఒక దూరం తిరుగుతాయి కనక మధ్యలో గేర్లు బిగుసుకుపోతాయట. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒకటే. ఆ బండి వచ్చింది నా చీటీపాట డబ్బుతో!

అబద్ధమెందుకు, నన్ను అడిగే తీసుకున్నారు. "తోటకి పనికొస్తుంది, నీకూ ఎండలో నడక తప్పుతుంది" అన్నారు. మిషను కుట్టి నెలనెలా కట్టిన చీటీ అది. సరేనన్నాను. సరేనని ఊరుకోకుండా ఒక నోటుపుస్తకం కొని తేదీ వేసి రాయడం మొదలుపెట్టాను. ఆ పుస్తకమే ఈ వ్యాసానికి మూలం.

జీపు మనకు కొత్త వస్తువు కాదు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మహీంద్రా వాళ్ళు అమెరికా విల్లీస్ జీపుల్ని బొంబాయిలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళకీ, ఎన్నికలకీ, తిరువూరు సంతకీ అవే జీపులు. అయిదుగురెక్కే బండిలో పదిహేనుమంది వేలాడేవాళ్ళు. వాటి స్థానంలో ఆటోలు వచ్చాక పాత జీపులు తోటల్లో, షెడ్లలో తుప్పుపట్టి ఉండిపోయాయి. వాటిని వెతికి తెచ్చి ఇంట్లో విప్పి బిగించుకునే సరదా ఇప్పుడు కుర్రకారుకి బాగా పట్టింది. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను దొరకనిది లేదు. అక్కడికి మావాళ్ళు ఎన్నిసార్లు వెళ్ళారో నా పుస్తకంలో ఉంది. ముప్పయ్యొకసారి. బస్సు ఛార్జీలే ఓ చక్రం ఖరీదు!

బండి కడుతున్న ఇంట్లో మగవాళ్ళ సంభాషణ ఎలా ఉంటుందో చెప్పనా? టైర్లు ఎంత పెద్దవి వేయాలి, ముందు ఎంత లావు ఇనుప కడ్డీ బిగించాలి, ఏ రంగు కొట్టాలి. ఇదీ వరస. బ్రేకుల మాట ఆఖరికి వస్తుంది. మనం కూడా ఇల్లు కట్టుకునేటప్పుడు గుమ్మానికి చెక్కిన లతల గురించి నెల్లాళ్ళు ఆలోచించి, నీళ్ళు పోయే తూము సంగతి మర్చిపోతాం కదా, అలాగే. కాకపోతే తూము మర్చిపోతే ఇల్లు తడుస్తుంది. బ్రేకు మర్చిపోతే?

ఆ ఏడు ఆగస్టు 31 రాత్రి సంగతి చెప్పాలి. బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వాన అది. మా వైపూ ఆకాశానికి చిల్లు పడినట్టే కురిసింది. రాత్రి తొమ్మిదింటికి తండా నుంచి ఓ కుర్రాడు తడిసి ముద్దయి వచ్చాడు. వాళ్ళ నాయనకి కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ చేయిస్తున్నారు. మా మండలం తండాల్లో ఈ జబ్బు సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు, ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగేసి గంటలు. ఒక్కటి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీదికొస్తుంది. ఆ పెద్దాయనకి అంతకుముందే వానకి ఒకటి తప్పింది. ఆయాసం ఎక్కువైందట.

"అక్కా, మీ జీపుకి నాలుగు చక్రాలూ లాగుతాయంటగా, బావని పంపించు" అన్నాడు.

జీపు ఇంజను తిరుగుతోంది అప్పటికి. మావారు వారం రోజులుగా వాకిట్లోనే ముందుకీ వెనక్కీ నడిపి మురిసిపోతున్నారు. సీట్లు లేవు, పీట వేసుకుని కూర్చునేవారు. బ్రేకు పైపులు బిగించారు కానీ అందులో గాలి తీయలేదు. హ్యాండు బ్రేకు తీగె అసలు లేదు. ఆయన లేచి లుంగీ పైకి కట్టారు. "గేర్లోనే మెల్లగా తీసుకెళ్తా, పర్లేదు" అన్నారు.

నేను బండికి అడ్డం నిలబడ్డాను.

తండా దగ్గర డొంక వాగులోకి ఏటవాలుగా దిగుతుంది. బ్రేకుల్లేని బండి, చీకటి, వాన, లోపల పట్టుకోవడానికి ఏమీ లేకుండా కూర్చున్న జబ్బు మనిషి. పంపలేకపోయాను. మా అబ్బాయి పరుగెత్తి మూడిళ్ళవతల ట్రాక్టరాయన్ని లేపుకొచ్చాడు. ట్రక్కులో పట్టా కట్టి, పరుపు వేసి, ఆయన్ని రోడ్డు మీదికి చేర్చేసరికి పన్నెండు దాటింది. జీపులో అయితే పదిన్నరకే చేరేవాళ్ళేమో. లేక వాగులో ఉండేవాళ్ళేమో. నాకు తెలియదు. మర్నాడు ఆయనకి డయాలసిస్ జరిగింది, మనిషి దక్కాడు. ఊళ్ళో మాత్రం "మనిషి ప్రాణం మీదికొస్తే ఆడమనిషి అడ్డం పడింది" అన్న మాట నాలుగు నెలలు తిరిగింది. మావారు నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ పెద్దాయన భార్య, నా దగ్గర పదేళ్ళుగా రవికెలు కుట్టించుకునే మనిషి, పది రోజుల తర్వాత గుడ్డ తెచ్చి ఇచ్చి, "కూలి ఎంతా?" అని అడిగింది. ఎప్పుడూ అడిగి ఎరగదు.

అయిదో రోజు నేనే పీట వేసుకుని బండెక్కి కూర్చున్నాను. "బ్రేకులు ఎలా కడతారో చూపించండి" అన్నాను.

బ్రేకుల్లో గాలి తీయడం ఇద్దరు మనుషుల పని. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న నిపిలు వదులు చేయాలి. నూనెతోపాటు బుడగలు బయటికొస్తాయి. నిపిలు బిగించాకే కాలు తీయాలి. ముందు తీశారో, పోయిన గాలి మళ్ళీ లోపలికొస్తుంది. మాస్టరు సిలిండరుకి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. మధ్యలో పైన డబ్బాలో నూనె అడుగంటకుండా పోస్తుండాలి. "తొక్కు... పట్టు... ఆ, వదులు" అని మధ్యాహ్నమంతా ఆయన బండి కింద నుంచి, నేను పైనుంచి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒకరి మాట ఒకరం అంత శ్రద్ధగా విన్నది అదే మొదలు! సాయంత్రానికి మెత్తగా పాతాళానికి దిగిపోయే పెడలు గట్టిగా కాలికి ఎదురు తన్నింది. ఆ తన్ను నా కాలికి తెలిసింది కనక చెబుతున్నాను, అక్కచెల్లెళ్ళూ, మీ ఇంట్లో ఎవరైనా బండి కడుతుంటే ఆ పెడలు ఒకసారి మీరూ తొక్కి చూడండి.

ఇది ఆడవాళ్ళ వ్యవహారం కాదనేవాళ్ళకి ఒక పాత కథ చెప్పాలి. లోకంలో మొదటి మోటారు కారుకి 1886లో జర్మనీలో పేటెంటు తీసుకున్నది కార్ల్ బెంజ్. ఆయన వ్యాపారానికి పెట్టుబడి ఆయన భార్య బెర్తా పుట్టింటి సొమ్ము. పేటెంటు మీద మాత్రం ఆమె పేరు లేదు. ఆ బండిని జనం నమ్మకపోతే 1888 ఆగస్టులో ఆవిడ భర్తకు చెప్పకుండా ఇద్దరు మగపిల్లల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌లోని తల్లి దగ్గరికి వంద కిలోమీటర్ల పైన నడుపుకుంటూ పోయింది. నూనె గొట్టం పూడుకుపోతే టోపీ సూదితో పొడిచింది. దారిలో బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన్ని పిలిచి వాటికి తోలు కొట్టించింది. ఈనాటి బ్రేకు లైనింగుకి అదే మొదలంటారు. అంటే ఏమిటి? బండిని కనిపెట్టింది ఆయనే కావచ్చు, అది ఆగాలన్న ఆలోచన దారిన పడ్డ తల్లికి వచ్చింది.

ఇక కాగితాల సంగతి. "మన తోటలో తిరిగే బండికి కాగితాలెందుకే" అన్నారు మావారు. మరి డొంక దిగి రోడ్డెక్కకుండా ఉంటారా? రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో తీరిపోయింది. నేను తిరిగి తిరిగి తెలుసుకున్నదేమిటంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. మార్చుకుని తిరిగితే 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకీ అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. మావారు వేద్దామనుకున్న లావుపాటి ముందు కడ్డీ కూడా కుదరదని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఆ కడ్డీ గుద్దితే అవతలి మనిషి నుజ్జవుతాడు. మన బండి ముందుభాగం మెత్తగా నలిగి మనని కాపాడే వీలూ పోతుంది.

అన్నిటికంటే నవ్వొచ్చింది రంగు దగ్గర. తండ్రీకొడుకులిద్దరూ మిలటరీ ఆకుపచ్చ కొట్టాలని ఆరు నెలలుగా కలలు కంటున్నారు. డబ్బా కూడా కొనేశారు. ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే తప్ప ఇంకెవరికీ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నెంబరుగా స్పష్టంగా ఉంది! ఇద్దరి ముఖాలూ చూడాలి. పాత ఆర్‌సీలో ఉన్న తెలుపే వేయించాను. ఆ పచ్చ డబ్బా మా గొడ్ల సావిడి తలుపుకు సరిపోయింది.

2025 జులైలో బండి పరీక్షకు నిలబడింది, నెగ్గింది. పాత కార్లకు రిజిస్ట్రేషను పొడిగించే రుసుము 2022లో ఆరు వందల నుంచి అయిదు వేలయింది. మేం కట్టిన మరుసటి నెలలోనే ఇరవై ఏళ్ళు దాటినవాటికి పది వేలు చేశారు. ఆ అయిదు వేలు తన తెలివివల్లే మిగిలిందని మావారు ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటారు. తొందరపెట్టింది ఎవరో నా పుస్తకానికి తెలుసు.

అసలు తగాదా హుడ్డు దగ్గర వచ్చింది. పాత జీపుకి పైన గుడ్డ కప్పే కదా. కుట్టించడానికి పద్నాలుగు వేలు అడిగారు, సీట్లు కాక. నేను కుడతానన్నాను. రెక్సిను, సీట్ల స్పాంజి, నైలాను దారం, ఇత్తడి ఐలెట్లు, బెల్టు పట్టీలు అన్నీ కలిపి ఆరు వేల మూడు వందలయ్యాయి. కుట్టడం మొదలుపెట్టాక తెలిసింది కష్టం. రవికెలు కుట్టే మిషను మందపాటి రెక్సినుని మింగదు. పద్దెనిమిదో నెంబరు సూది వేసి, పాదం కింద అతుక్కుపోకుండా పౌడరు చల్లి, చక్రం చేత్తో తిప్పుతూ కుట్టాను. పదకొండు సూదులు విరిగాయి. హుడ్డుకి మామూలు కుట్టు వేస్తే సూది బెజ్జాల్లోంచి నీళ్ళు కారతాయి. అంచు మడిచి ఒకదానిమీద ఒకటి పడేలా రెండు వరసలు వేసి, పైన కొవ్వొత్తి రుద్దాలి. పంతొమ్మిది రాత్రులు పట్టింది. భుజం ఇప్పటికీ లాగుతుంది.

బండి చూడ్డానికి వచ్చిన చుట్టాలతో మావారు, "హుడ్డూ సీట్లూ కలిపి ఆరువేల మూడొందల్లో అయిపోయిందండీ, బయటైతే హుడ్డుకే పద్నాలుగు వేలు!" అని గర్వంగా చెబుతుంటే నేను కాఫీలు అందిస్తూ విన్నాను. ఆ మిగులు ఎక్కడి నుంచి వచ్చింది? ఆకాశం నుంచి ఊడిపడిందా? ఇంజను బిగించిన మెకానిక్కుకి కూలి రాశారు, టింకరింగు చేసినాయనకి రాశారు. మావారి సొంత శ్రమకి కూడా "ఇదే పని బయట చేస్తే ఎంతొచ్చేదో" అని నోటితో లెక్క కడుతూనే ఉంటారు. నా పంతొమ్మిది రాత్రులకి మాత్రం లెక్క లేదు. అది "ఇంట్లో పని".

ఆ రాత్రే నోటుపుస్తకంలో రాశాను: హుడ్డు, సీట్ల కుట్టుకూలి ఏడువేల ఏడు వందలు, జమ నా పేర. మావారు చూసి, "మన ఇంటి బండికి కూలేమిటే?" అన్నారు. డబ్బు అడగలేదండీ, లెక్కలో రాయమన్నాను. బండి ఖరీదు ఎంతయిందని ఎవరడిగినా నా కూలితో కలిపి చెప్పమన్నాను. ఆయనకి కష్టంగానే ఉంది. ఇప్పటికీ ఒక్కోసారి మర్చిపోతారు. అప్పుడు అత్తయ్యగారే గదిలోంచి "ఏడువేల ఏడొందలు!" అని కేకేస్తారు.

మగవాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా దత్తాత్రేయ లోహార్ అనే ఆయన పాత సామానుతో, అరవై వేలకు లోపే, కాలితో తన్నితే స్టార్టయ్యే నాలుగు చక్రాల బండి కట్టాడు. 2021 డిసెంబరులో ఆనంద్ మహీంద్రా అది చూసి మెచ్చుకుంటూనే, నిబంధనలకు ఒప్పదు కనక దాన్ని అధికారులు ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారని, బదులుగా బొలేరో ఇస్తానని చెప్పి, మరుసటి నెలలో ఇచ్చారు. అందరికీ బొలేరోలు రావు కదా! మన ఆలేరు చింతకింది మల్లేశం సంగతి ఇంకా దగ్గరిది. ఆసు పోయడానికి వాళ్ళమ్మ లక్ష్మి రోజుకి పద్దెనిమిది వేలసార్లు చెయ్యి ఆడించేది. ఆ భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999కి యంత్రం పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు. ఆయన పని మొదలైంది ఎవరి భుజం నొప్పి పుడుతోందో చూడటంతో. మా ఇంట్లో పని మొదలైంది టైరు సైజుతో. తేడా అక్కడుంది.

బండి పూర్తయ్యాక ఇంకో ప్రశ్న మిగిలింది. ఎవరు నడపాలి? రాత్రివేళ మావారు తోటలో కావలి ఉంటారు, అబ్బాయి హాస్టల్లో. ఇంటి దగ్గర ఉండేది నేనూ అత్తయ్యగారూ. అవసరం వచ్చేది రాత్రే. అందుకని ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని నేర్చుకున్నాను. నలభై మూడో ఏట. తిరువూరు రోడ్డు మీద మొదటిసారి నడిపినప్పుడు ఎదురుగా వస్తున్న లారీ డ్రైవరు నన్ను చూసి బండి పక్కకి తీసి ఆపేశాడు! భయపడ్డాడో మర్యాద చేశాడో తెలియదు. బురదలో నడపడం అంతకంటే తేలిక, తొందరపడకుండా ఉంటే. చిన్న రాడ్డు బురద రాకముందే వేసుకోవాలి, కూరుకుపోయాక కాదు. ఏకధాటిగా వెళ్ళాలి, మధ్యలో గేరు మార్చకూడదు. ఏటవాలు దిగేటప్పుడు తక్కువ గేర్లో ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద గట్టిగా నిలబడితే జారుతుంది. జీపు ఎత్తెక్కువ, వెడల్పు తక్కువ. పక్కవాటంగా పోతే బోర్లాపడుతుంది. బెల్టు పెట్టుకోందే ఎవర్నీ ఎక్కించుకోను. వాగు పొంగితే మాత్రం ఎంత జీపైనా దిగకూడదు. అక్కడ మావారికీ నాకూ ఇప్పుడు తగాదా లేదు.

మొన్న వానాకాలంలో తండా పెద్దాయన్ని మూడుసార్లు రోడ్డు మీదికి దించాను. మాది సొంత బండి, కిరాయికి తిప్పకూడదు, తిప్పను కూడా. ఆయన ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. భార్య వెనక కూర్చుంటుంది. మూడోసారి వెళ్ళినప్పుడు వాన బాగా ఎక్కువగా ఉంది. సగం దారిలో వెనక నుంచి నా భుజం తట్టింది.

"ఇదిగో, ఇక్కడ నీ కుట్టు కారుతోంది. నా రవికెకైతే ఇట్టా వదిలేదానివా?"

ఏడాది తర్వాత ఆవిడ నాతో పాత ధోరణిలో మాట్లాడిన మొదటి మాట అది. చూస్తే నిజమే. వెనక వంపు దగ్గర రెండో వరస కుట్టు విడిపోయింది. వానలు తగ్గగానే హుడ్డు విప్పి మిషను మీద వేశాను. సగం అయింది. పద్దెనిమిదో నెంబరు సూదులు ఈసారి డజను తెప్పించాను.